ఆ నీళ్లు పోసింది నేను కాదు

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం, మహబూబాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నెల నిండని మా పాపకు ఊపిరి అందలేదు. మేం క్యాథలిక్కులం; జ్ఞానస్నానం లేకుండా బిడ్డ పోకూడదంటాం, పాపకు ఇంకా అది కాలేదు.

"ఫాదర్ లేడు, ఏం చేస్తం?" అన్నాను నా భార్యతో.

బొట్టు పెట్టుకున్న ఒక పెద్దామె పక్క బెంచీ మీంచి లేచింది. "ఆపదల ఎవరైన జ్ఞానస్నానం నీళ్లు పోయచ్చు నాయినా. మిషన్ దవాఖానల ఆయాను, సిస్టరమ్మలే నేర్పిన్రు. నువ్వే పొయ్యి, గట్ల నిలబడ్డవేంది?"

నేను కదలలేదు. ఆమె పాప పేరడిగింది.

"మరియ," అంది నా భార్య.

"మరియా, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిస్తున్న" అంటూ ఆమె చెంబుతో పాప తలపై మూడుసార్లు నీళ్లు పోసింది. రైలు రాకముందే పాప పోయింది.

తర్వాత ఫాదర్ అడిగితే, హిందువు చేత ఇప్పించానని చెప్పడానికి నామోషీపడి, జ్ఞానస్నానం నేనే ఇచ్చానన్నాను. చర్చి రిజిస్టరులో అలాగే ఉంది. నా భార్య ఏనాడూ కాదనలేదు. నిజానికి అప్పుడు నా చేతులు జేబుల్లో ఉన్నాయి.