ఆడవాళ్ళ చాప మీద చోటు

మా అక్క మగపిల్లాడిగా పుట్టింది. "నేను ఆడదాన్నమ్మా" అని చెప్పిన రోజు నుంచీ అమ్మ కూలికి మిరపకాయల తొడిమలు తీసొచ్చి, చేతుల మంట కాదు, కడుపు మంట అని ఏడ్చేది. అయినా ఇంట్లోంచి పొమ్మనలేదు.

సోమవారం గుంటూరులో అక్క ఆడదానిగా మారే ఆపరేషన్ అన్నారు. అక్క ఒకటే షరతు పెట్టింది. "ఆదివారం చర్చిలో అమ్మ నా కోసం ప్రార్థన చేయిస్తేనే వెళతా. లేకపోతే బల్లెక్కను."

పాస్టరుగారు ముందే తేల్చేశారు. "దేవుడు పొరపాటు చేయడమ్మా. జబ్బుంటే కత్తి పెట్టొచ్చు, మంచి ఒంటికి పెట్టకూడదు."

బట్టలు కుట్టే పక్కింటి ముస్లిం అత్త ఊరుకుంటుందా! మసీదులో ఇమాముగారిని అడిగించి పరుగున వచ్చింది. "పుట్టుకలోనే ఆడామగా తేలనివాళ్ళకి వైద్యం చేయొచ్చంట వదినా. మనసు చెప్పిందని మార్చుకోకూడదంట. వేరేగా చెప్పే పెద్దలూ ఉన్నారంటలే."

"మరి మాకేంటి లాభం?" అన్నాను ఒళ్ళు మండి.

"ఆగవే తల్లీ! ప్రాణం బాగుండాలని దువా చేయడానికి అడ్డేముంది అన్నారు. ఈ పూట నుంచే చేస్తా."

అమ్మ గబుక్కున లేచి, చర్చి పెట్టెలో ప్రార్థన చీటీ వేసొచ్చింది. ఏం రాసిందో చెప్పలేదు. నేను మాత్రం గాల్లో తేలిపోయాను.

మా చర్చిలో మగవాళ్ళకో చాప, ఆడవాళ్ళకో చాప. అక్క దేనిమీదా కూర్చోదు, మూడేళ్ళుగా గుమ్మంలో చెప్పుల పక్కనే నిలబడుతుంది. ఆ ఆదివారం పాస్టరుగారు ఒక్కో చీటీ చదువుతుంటే చెవులు రిక్కించి విన్నాను. మాది రానే వచ్చింది. "మా అబ్బాయికి హెర్నియా ఆపరేషన్..."

ఓరి దేవుడా! వెనక్కి తిరిగి చూస్తే అక్క చెప్పులు వేసుకుంటోంది. ఇక అంతా అయిపోయిందనుకున్నాను.

"ఆగండయ్యగారూ!" అమ్మ లేచి నిలబడింది. "పరువు పోతుందని చీటీలో అబద్ధం రాశాను. హెర్నియా కాదు, అబ్బాయీ కాదు. రేపు మా పెద్దమ్మాయికి ఆపరేషన్. తప్పో ఒప్పో దేవుడితో నేను మాట్లాడుకుంటా. అది క్షేమంగా రావాలని మీరు ప్రార్థన చేయండి."

చర్చంతా గుసగుసలు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది! పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా మాట నేను మార్చుకోనమ్మా. ప్రార్థన మాత్రం చేస్తాను. అందరూ మోకరించండి."

అందరూ మోకరించారు. అమ్మ ఒక్కతే నిలబడి, నన్ను పక్కకి జరగమని తోసి, గుమ్మం వైపు కేకేసింది.

"అక్కడేం చేస్తున్నావే? చెప్పులిప్పి ఇలా రా. చోటుంది."