పళ్ళెం అడుగున జంట చేపలు

తడిసిన వరిగడ్డి వాసన తగిలితే చాలు, ఇప్పటికీ మెదకులో మా నాయిన దుకాణం గుర్తొస్తుంది. ఆయన పాత పింగాణీ సామాను కొని అమ్మేవాడు. గడ్డిలో చుట్టి వచ్చిన పళ్ళేలు, చాయ కప్పులు నేను తుడుస్తుంటే ఒక్కొక్కటీ బోర్లించి, అడుగున కిరీటముంటే ఏ కంపెనీ, లంగరుంటే ఏ దేశం, అక్షరాలు చెరిగిపోతే వేలితో ఎట్లా తడమాలి అన్నీ నేర్పేవాడు. తొమ్మిదేళ్ళకే ఆ ముద్రలన్నీ నాకు కంఠతా వచ్చాయి.

మా పక్కింటి ఖైరున్నీసాను నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని. రంజానుకు పాలు, ఖర్జూరాలు, జీడిపప్పులతో చిక్కగా వండిన షీర్‌ఖుర్మాను జంట చేపల ముద్రున్న లోతు పళ్ళెంలో పోసి, నా పెదవి తెగుతుందని పెచ్చులేచిన అంచును తనవైపు తిప్పుకొని నాకు తినిపించేది. దొరల మీద పోరాడే సంఘం వాళ్ళకు బియ్యమిచ్చాడని రజాకార్లు నాయిన కోసం వచ్చిన రోజున, ఆయన్ను తన ధాన్యపు గుమ్మి వెనుక దాచి, వాకిట్లో నిలబడి ఎవరూ లేరని చెప్పింది కూడా ఆమే.

పోలీసు చర్య పేరుతో సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయాక, జనం ఏ పాపమెరుగని తురకల ఇళ్ళ మీద కూడా పడ్డారు. ఖాలా ముసలి అత్తను తీసుకొని పట్నంలో చుట్టాలింటికి పారిపోయింది. ఆమె ఇంటి తాళం పగిలిన నాలుగు రోజులకు మా దుకాణం ముందు ఒక బండి సామాను దిగింది. ఎవరిదని నాయిన అడగలేదు. తుడుస్తుంటే జంట చేపలు కనిపించాయి, అంచున పెచ్చు కూడా.

"నాయినా, గివి ఖాలావి గదా?"

"మూసుకొని తుడువు."

మా అవ్వ బతుకమ్మకు సత్తుపిండి దంచుతున్న నాడు ఖాలా ఒక్కతే తిరిగొచ్చి, దుకాణం మెట్టు దగ్గర నిలబడి, గడ్డిలోంచి జంట చేపల పళ్ళెం చేతిలోకి తీసుకుంది.

"అన్నా, ఇవి మావే. జర ఇయ్యుండ్రి."

"గసోంటి గుర్తు వెయ్యి పళ్ళేలకుంటది," అన్నాడు నాయిన నా భుజం మీద చెయ్యి వేసి. "కావాల్నంటే బిడ్డనడుగు. దానికి అన్నీ ఎర్కే."

ఖాలా నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బేటీ."

"అది కంపెనీ గుర్తు ఖాలా. శానామందికుంటది," అన్నాను.

ఆమె పెచ్చు మీద బొటనవేలు ఒకసారి రాసి, పళ్ళేన్ని మెల్లగా గడ్డిలో పెట్టి, "మంచిది బేటీ," అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. కొత్తగా వచ్చిన అఫ్సరెవరో ఆ పళ్ళేలన్నీ కొనుక్కుపోయాడు. ఆ రోజు నాయిన కడుపునిండా అన్నం తిన్నాడు. నేనూ తిన్నాను.

మొన్న మెదకు వెళ్తే ఖాలా ఇల్లూ మా దుకాణమూ కలిపి బట్టల షోరూం కట్టారు. ఇక్కడ ముందు ఎవరిల్లు ఉండేదని యజమానిని అడిగాను.

"మాకు ఎర్కలేదమ్మా. మీకెర్కనా?" అన్నాడు.

లేదన్నాను.