బాయిలరు నీళ్లు

యాంగోన్‌లో కరెంటు లేని ఈ చలి పొద్దున బొగ్గుల కుంపటి మీద డేక్షాతో నీళ్లు పెట్టాను. పొగ ముక్కుకు తగలగానే నానమ్మ రాగి బాయిలరు గుర్తొచ్చింది.

మా ముత్తాత గంజాం నుంచి ఓడలో తెచ్చిన బాయిలరది. మధ్య గొట్టంలో నిప్పులు వేస్తే చుట్టూ ఉన్న నీళ్లు సన్నగా రొద చేస్తూ కాగేవి. నా చిన్నప్పుడు ఒక చలికాలం అది మళ్లీ కారడం మొదలుపెట్టింది. నానమ్మ అప్పటికే మంచం దిగడం లేదు. డేక్షాలో కాచి పోస్తామంటే, "ఆ నీల్లు నా ఒంటికి పడవు. నాకు బాయిలరు నీల్లే కావాల" అని మొండికేసేది.

నాన్న నన్ను వెంటబెట్టుకుని, పబేడాన్ పేటలో రాగి సామాన్లకు మాట్లు వేసే తెలుగాయన దగ్గరికి బాయిలరు మోసుకెళ్లాడు. ఆయన అందులో నీళ్లు పోసి పైకెత్తాడు. అన్ని వైపులా ధారలే. నాకు నవ్వొచ్చింది.

"ఏటి బాబూ, మాటు మీద మాటే గానీ రేకేది? ఇంకెక్కడెయ్యమంతావు?"

నాన్న, "ఈ చలికాలం గడిస్తే చాలు" అన్నాడు. ఆయన బాయిలరును ఓ మూలకు జరిపాడు.

బాయిలరును అక్కడే వదిలేసి వచ్చాం. "రేపిచ్చేత్తాడమ్మా" అని నాన్న నానమ్మకు రోజూ చెప్పేవాడు. నేనూ నమ్మాను.

ఒక పొద్దున లేచేసరికి వాకిట్లో ఇటుకల పొయ్యి మీద పెద్ద డేక్షాలో నీళ్లు కాగుతున్నాయి. నానమ్మను చాప మీద పడుకోబెట్టి ఆడవాళ్లు ఏడుస్తూ నీళ్లు పోస్తున్నారు. డేక్షా నీళ్లైనా ఆమె వద్దనలేదు. నానమ్మ మంకుపట్టు వదిలిందని ఆ వాకిట్లో సంతోషించింది నేనొక్కదాన్నే.