బోణీ హనుమండ్లు

మంచిర్యాలలో గ్యాసు బండి హనుమండ్లు అడుగుపెట్టని వంటిల్లు తక్కువ. పొద్దున్నే ఆటో నిండా సిలిండర్లు వేసుకుని బయల్దేరతాడు. నిండు సిలిండరును భుజానికెత్తుకుంటే మూడో అంతస్తు దాకా ఎక్కడా ఆగడు. పైకి వచ్చాక ఆయాసపడడు, మంచినీళ్లు అడగడు, కుర్చీ చూపించినా కూర్చోడు. ఇంత మంచి మనిషే అయినా ఆ ముఖం చూసి కొత్తవాళ్లు తలుపు తీయడానికి కాస్త వెనకాడతారు. ముక్కు ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది. కుడి కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని గీత ఒకటి. ఇవన్నీ బాక్సింగు పెట్టిన ఆనవాళ్లు.

ఇరవై ఒక్క ఏళ్లలో హనుమండ్లు ఆడిన పోటీలు నూట నలభై మూడు. గెలిచినవి ఆరు. అచ్చుతప్పేమీ లేదు, ఆరే. ఆ ఆరింటిలోనూ రెండు అవతలివాడు రాకపోవడం వల్ల దక్కినవి. ఒకసారి తలతో పొడిచినందుకు ప్రత్యర్థిని ఆట నుంచి తీసేశారు. ఇంకోసారి చెన్నూరు నుంచి వచ్చిన ఒకడు పొద్దున తిన్న మిర్చి బజ్జీలు పడక రెండో రౌండులోనే కడుపు పట్టుకుని కూలబడ్డాడు. మిగిలిన రెండు మాత్రం హనుమండ్లు తన పిడికిళ్లతో గెలిచినవి. వాటి గురించి పొరపాటున అడిగారా, ఆ పూట మీ పని ఆగిపోయినట్టే.

ఈ లెక్కకు ఇంకో పక్క ఉంది. నూట నలభై మూడు పోటీల్లో హనుమండ్లు ఒక్కసారి కూడా కింద పడలేదు. రిఫరీ అతని ముందు నిలబడి ఒకటీ రెండూ అని లెక్కపెట్టే అవసరం ఎన్నడూ రాలేదు. సిలిండర్లు మోసిన కాళ్లవి. బరిలో పాతినట్టు నిలబడేవి. వచ్చిన చిక్కల్లా చేతులతోనే. అతని దెబ్బలో బలం లేక కాదు. ఆ దెబ్బ తయారై, బయల్దేరి, దారి చూసుకుని వచ్చేలోగా అవతలివాడు మూడు కొట్టి పక్కకు జరిగిపోయేవాడు.

మరి ఇన్ని పోటీలు ఎలా ఆడాడంటే, దానికి కారణం గులాం నబీ. బడి మైదానం పక్కన రేకుల షెడ్డులో బాక్సింగు నేర్పే పెద్దాయన. ప్రతి బరువు విభాగంలోనూ కనీసం ఇద్దరుంటే గానీ పోటీ జరగదు. ఒక్కడే ఉంటే ఆ కుర్రవాడు బస్సెక్కి వచ్చినదారినే ఇంటికి పోవాలి. అలా జరగడం నబీకి ఇష్టం లేదు. అందుకని పోటీలకు నెల ముందు హనుమండ్లుకు ఫోను వచ్చేది. ఈసారి డెబ్బై ఐదు కిలోల్లో మనిషి తక్కువున్నాడంటే హనుమండ్లు అన్నం మాని జొన్న గట్క తాగేవాడు. ఎనభైలో తక్కువున్నాడంటే తలకాయ కూరతో రెండు పూటలా లాగించేవాడు. నబీ సాబ్ ఫోను చేస్తే గానీ ఇంట్లో ఎన్ని బియ్యం కడగాలో తనకు తెలియదని అతని భార్య అనసూర్య వాడకట్టంతా చెప్పుకుని నవ్వేది.

ఈ ఏర్పాటులోంచే బోణీ పుట్టింది. పన్నెండేళ్ల కింద దశరథం అనే కుర్రవాడు తన మొట్టమొదటి పోటీ హనుమండ్లుతో ఆడి గెలిచాడు. ఆ ఏడే రాష్ట్ర స్థాయిలో పతకం తెచ్చాడు, తర్వాత పోలీసు ఉద్యోగం వచ్చింది. ఆ మరుసటేడు అలాగే మొదలుపెట్టిన ఇంకొకడు రైల్వేలో చేరాడు. దుకాణాల ఊరు కదా, మంచిర్యాలకు బోణీ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. పొద్దున్నే మొదటి బేరం ఎవరి చేత్తో అయిందో దాన్నిబట్టి సాయంత్రం దాకా మొహం పెట్టుకునే జనం. హనుమండ్లు హస్తవాసి మంచిదని పేరు పడిపోయింది. కొడుకును బాక్సింగులో చేర్పించే తల్లిదండ్రులు కొబ్బరికాయ పట్టుకుని వచ్చి, మా వాడి మొదటి ఆట గ్యాసు బండాయనతోనే పెట్టించండని నబీని బతిమాలేవారు. హనుమండ్లు దీనికి లోలోపల మురిసిపోయేవాడు. తను ఓడినా తన వల్ల పదిమందికి మేలు జరుగుతోంది, అంతకంటే ఏం కావాలి అనుకునేవాడు.

అలా అనుకుంటూనే నలభై ఏళ్లు దగ్గరపడ్డాయి. నలభై దాటితే ఈ పోటీల్లో ఆడనివ్వరు. డిసెంబరులో మంచిర్యాలలోనే జరిగే పోటీలు అతనికి ఆఖరివి. డెబ్బై ఐదు కిలోల్లో అతనికి ఎదురు అరుణ్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. వాడికి అదే మొదటిది.

పోటీకి ముందురోజు సాయంత్రం అరుణ్ తండ్రి సదానందం హనుమండ్లు ఇంటికి వచ్చాడు. పన్నెండేళ్లు షార్జాలో పనిచేసి ఆ ఎండాకాలమే తిరిగొచ్చిన మనిషి. ఖర్జూరం డబ్బా అనసూర్య చేతికిచ్చి, చాయ్ తాగి, అటూ ఇటూ మాట్లాడి, అప్పుడు గొంతు తగ్గించాడు.

"అన్నా, మావోడు జర నాజూకు. అందరికి ఇడిచిపెట్టినట్టే మావోనికి గూడ ఇడిచిపెట్టు. గిదే ఆఖరిదంట గద."

హనుమండ్లుకు అర్థం కాలేదు. "ఏం ఇడిచిపెట్టాలె?"

"ఆట. గిన్నేండ్ల సంది పోరగాండ్ల బోణీ కోసమని నువ్వే కావాలని ఓడిపోతున్నవ్ గద. ఊరంతట ఎర్కే. నీ అసొంటి దొడ్డ మనసు ఎవలకుంటదే."

సదానందం ఆ మాట ఎంత ప్రేమగా అన్నాడంటే, హనుమండ్లుకు కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకలేదు. నేను ఎన్నడూ వదల్లేదు అన్నాడు. సదానందం నవ్వి, నీ మంచితనం నీ నోటితో ఒప్పుకోవులే అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి గట్క గిన్నె మీద మూత పెట్టి పడుకున్నాడు. పొద్దున సిలిండర్లు వేస్తూ ఇంటింటా అడిగాడు. రెండో అంతస్తు టీచరమ్మ, అది మాకు తెలియనిదా అంది. చౌరస్తాలో చాయ్ అమ్మే సిద్దిరాములు కన్నుగీటి, నా దగ్గర కూడా దాస్తావా అన్నాడు. పన్నెండేళ్లుగా ఊరు ఊరంతా అతన్ని ఒక త్యాగమూర్తిని చేసి కూర్చోబెట్టింది. ఎవరూ చెడ్డగా అనలేదు, అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. పగిలిన పెదవులు, వాచిన కళ్లు, ఒరిగిన ముక్కు, అన్నీ అబద్ధం ఆటలవే అయితే తను ఇరవై ఒక్క ఏళ్లు చేసిందేమిటి? ఓడిపోయినందుకు అతనికి ఎన్నడూ సిగ్గు కలగలేదు. ఇప్పుడు కలిగింది.

షెడ్డుకు పోయి నబీని నిలదీశాడు. నబీ గడ్డం గోక్కున్నాడు. హనుమండ్లు నిజంగానే ఆడతాడని తనకు తెలుసని, జనం అలా అనుకుంటున్నారని కూడా తెలుసని ఒప్పుకున్నాడు. ఆ నమ్మకం మీదే కదా ఈ షెడ్డుకు నలుగురు పిల్లలు వస్తున్నది, అందుకే నోరు మెదపలేదని తల దించుకున్నాడు. హనుమండ్లు ఇంటికి వచ్చి భార్యను అడిగాడు. నువ్వు కూడా అలాగే అనుకుంటున్నావా అని.

అనసూర్య పగలబడి నవ్వింది. "ఓడిపోవాల్నని పోయేటోడు గిన్ని దెబ్బలు తింటడా? ఇరవై ఏండ్ల సంది నీ మొకానికి పసుపు రాసుడే నాకు పనాయె."

ఆ మాటతో కొంచెం ప్రాణం లేచొచ్చింది. కానీ భార్య సాక్ష్యం ఊళ్లో ఎవరు ఒప్పుకుంటారు? ఈ ఆఖరి ఆట గెలిస్తే తప్ప తను నిజంగా ఆడేవాడినని ఎవరూ నమ్మరు. గెలిస్తేనేమో అరుణ్ బోణీ చెడిపోతుంది. పసివాడి మొదలు పాడుచేశాడన్న మాట పడాలి. బట్టలు మార్చుకుంటున్నంత సేపూ అదే ఆలోచించాడు. చివరికి ఎప్పుడూ చేసిన పనే చేద్దామనుకున్నాడు, ఉన్నదంతా పెట్టి ఆడడం. వదిలిపెట్టి ఆడడం ఎలాగో అతనికి తెలియదు మరి.

పోటీలు పెట్టింది పెళ్లిళ్ల ఫంక్షన్ హాల్లో. ముందురోజు పెళ్లి తాలూకు బంతిపూల దండలు ఇంకా వేదికకు వేలాడుతున్నాయి. వధూవరులు కూర్చునే సింహాసనాలు పక్కకు జరిపి బరి కట్టారు. ఆఖరి ఆట అని తెలిసి సగం మంచిర్యాల వచ్చింది. గ్యాసు బుక్ చేసి సిలిండరు రాని ఆడవాళ్లు కూడా అలక మాని వచ్చారు. హనుమండ్లు బరిలోకి ఎక్కగానే చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో ఉన్న అర్థం ఇప్పుడు అతనికి తెలుసు కాబట్టి చెవులు కాలినట్టయింది.

మొదటి రౌండు ఎప్పటిలాగే గడిచింది. అరుణ్ చేతులు పాముల్లా వచ్చిపోయాయి. హనుమండ్లు కొట్టినవి ఎక్కువగా గాలికే తగిలాయి, జనం నవ్వుకున్నారు. రెండో రౌండులో అతను కొట్టడం మానేసి నడవడం మొదలుపెట్టాడు. మెట్లెక్కినట్టే ఒక్కో అడుగూ ముందుకు వేస్తూ, వచ్చిన దెబ్బలన్నీ ముఖాన తీసుకుంటూ, కుర్రవాణ్ని మూలకు తోసుకుపోయాడు. అక్కడ అరుణ్‌కు పక్కకు జరిగే చోటు లేకపోయింది. ఆలస్యంగా బయల్దేరిన కుడిచేయి ఆ రోజుకు మొదటిసారి సమయానికి చేరింది, ఎడమ పక్కటెముకల కింద. అరుణ్ కిక్కురుమనకుండా వంగాడు. హాలులో నవ్వులు ఆగిపోయాయి.

మూడో రౌండంతా ఒకరి మీద ఒకరు పడి కొట్టుకున్నారు. హనుమండ్లు కనుబొమ్మ పాత గీత దగ్గరే చిట్లింది. గంట మోగాక ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు, లేకపోతే కుర్రవాడు పడిపోయేవాడే. న్యాయనిర్ణేతలు ఐదుగురు. ముగ్గురు అరుణ్ అన్నారు, ఇద్దరు హనుమండ్లు అన్నారు. రిఫరీ అరుణ్ చెయ్యి పైకెత్తాడు. హనుమండ్లుకు నూట ముప్పై ఏడో ఓటమి.

హాలంతా లేచి నిలబడింది. ఎంత నిజంలా ఆడి ఓడాడో చూశావా అని ఎవరో అనడం అతనికి వినిపించింది. సదానందం బరి దగ్గరికి పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాట నిలవెట్టినవ్ అన్నా."

"నేను మాటియ్యలే," అన్నాడు హనుమండ్లు. చుట్టూ ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఇక చెప్పడానికి ఇంకో ఆట లేదు.

అరుణ్ తాళ్ల మీదికి వాలి, ఏం మాట బాపు అని అడిగాడు. సదానందం ఉత్సాహంగా అంతా చెప్పేశాడు. వింటున్నకొద్దీ కుర్రవాడి ముఖం ఎర్రబడింది. నోట్లోని రక్షణ పట్టీ తీసి పారేసి, హాలంతా వినబడేలా మాట్లాడాడు.

"ఎవలు చెప్పిండ్లు నీకు ఇడిచిపెట్టిండని? నాకు ఊపిరాడలే బాపు. గంట ఎప్పుడు కొడ్తరా అని చూసుకుంటున్న. ఇడిచిపెట్టేటోడు గట్ల కొట్టడు. నేను గుంజుకొని గెలిచిన, ఎవలూ ఇయ్యలే."

ముందు వరుసలో అతిథిగా కూర్చున్న దశరథం, ఇప్పుడు పోలీసు కానిస్టేబులు, లేచి నిలబడి తన పై పళ్లలో ఒకటి వేలితో తట్టి చూపించాడు. అది కట్టుడు పన్ను అని, అసలుది పన్నెండేళ్ల కింద హనుమండ్లు కుడిచేతికి సమర్పించుకున్నానని చెప్పాడు. ఆయన చేతిలో దెబ్బలు తిన్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసన్నాడు. మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని ఎవరో అడిగితే, మమ్మల్ని ఎవరడిగారని తిరిగి అడిగాడు. హాల్లో ఇటు పక్క ఒకరు, అటు పక్క ఒకరు, ఒకప్పుడు అతని మీద గెలిచిన కుర్రవాళ్లు లేచి, అవునవును అన్నారు. నబీ రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాయ్ సిద్దిరాములు ఎటు చూడాలో తెలియక బంతిపూల వైపు చూశాడు.

హనుమండ్లు తాళ్ల మధ్యనుంచి దిగి, వెనకే దిగిన అరుణ్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కనుబొమ్మ నుంచి నెత్తురు కారుతోంది, అనసూర్య మంచుముక్క తెచ్చి ఒత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఏ దెబ్బకు ఊపిరాడలేదని అడిగాడు. అరుణ్ బనీను పైకి లాగి చూపించాడు. పక్కటెముకల కింద అరచేయంత మేర ఎర్రగా కమిలి ఉంది. హనుమండ్లు దాన్ని ఒక్క వేలితో తాకాడు.

"నొస్తుందా బిడ్డా?"

"మస్తు నొస్తుంది కాకా."

హనుమండ్లు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై ఒక్క ఏళ్లలో ఏ గెలుపూ అతన్ని ఇంత సంతోషపెట్టలేదు. చప్పట్లు ఇంకా మోగుతున్నాయి, ఇప్పుడు వాటికి అర్థం వేరు. అతను అరుణ్ భుజం చుట్టూ చెయ్యి వేసి, ఎదురుగా తెల్లమొహం వేసుకుని నిలబడ్డ సదానందాన్ని దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"మల్లొక్కసారి చెప్పు బిడ్డా," అన్నాడు, "మీ బాపు సరిగ్గ ఇనలే."