పసుపు డబ్బాలో కల్దారు బేడ

1949, కాముని పున్నమికి ముందటి బుధవారం, సూర్యాపేట. ఇంట్లో ఉన్నవారు: నాయనమ్మ, నాయన, అమ్మ, చిన్నమ్మ, బెజవాడ నుంచి అప్పుడే బస్సు దిగి వచ్చిన మా మేనమామ, ఏడేళ్ల నేను. లేనివాడు నాయన తమ్ముడు, చిన్నమ్మ భర్త, మా చిన్నాయన.

అప్పటికి నాకు డైరీ రాసే అలవాటు లేదు. ఉంటే ఆ రోజు పేజీ ఇలాగే మొదలయ్యేది. మొన్న మా మనవరాలు సింగపూర్ చూసి వచ్చి, మిగిలిన చిల్లరంతా బల్ల మీద పోసి, "ఇక్కడ చెల్లవు కదా అమ్మమ్మా, వీటినేం చేయాలి?" అంది. పది చేతులు మారిన ఆ లోహపు వాసన తగలగానే నేను వంటింట్లోకి వెళ్లి పసుపు డబ్బా మూత తీసి నిలబడ్డాను.

మా చిన్నతనంలో పరాయి రాజ్యం కోదాడ దాటగానే మొదలయ్యేది. ఇటు నిజాం హాలీ సిక్కా, అటు ఇంగ్లీషువారి కల్దారు. మా నాణెం మీద చార్మినార్, వాళ్ల నాణెం మీద రాజు తల. నడుమ చిల్లున్న కానీ, అంచులు వంపులు తిరిగిన అణా, మూలలు నున్నగా అరిగిన నలుచదరపు రెండణాల బేడ, ఇవన్నీ మాకు ఆటవస్తువుల్లా కనిపించేవి.

రజాకార్ల భయానికి ఊళ్లు ఖాళీ అవుతున్న అంతకు ముందటి ఎండాకాలంలో మేమూ బండి కట్టుకుని సరిహద్దు దాటి, తాటాకు పాకల్లో తలదాచుకున్నాం. చిన్నాయన బెజవాడ గోదాముల్లో హమాలీ పనికి కుదిరాడు. ఆదివారం వచ్చేవాడు. నూనె ఓడుతున్న కాగితంలో మిరపకాయ బజ్జీలు, భుజాల మీద బస్తాల దుమ్ము, నాయనమ్మ ఒళ్లో కూలి డబ్బులు. వానలు మొదలైన తరువాత ఒక ఆదివారం రాలేదు, ఆ మరుసటి ఆదివారమూ రాలేదు. నాయన రెండుసార్లు వెళ్లి వెతికి ఒక్కడే తిరిగి వచ్చాడు.

ఇండియా మిలిటరీ వచ్చి గడబిడలు సద్దుమణిగాక ఇంటిదారి పట్టాం. కోదాడలో బస్సు ఆగినచోట సిక్కా మార్చే వ్యాపారి ఉన్నాడు. మిగిలిన కల్దారు మార్చేద్దామని నాయన చెయ్యి చాచాడు. నాయనమ్మ కొంగు ముడి వదలలేదు.

"ఊళ్లో చెల్లనివి మూట కట్టుకెళ్లి ఏం చేసుకుంటారండీ, వడ్డాణం చేయించుకుంటారా?" అని వ్యాపారి నవ్వాడు.

"నా కొడుకు కష్టం గది. నీ గల్లాపెట్టెల వెయ్యనీకెనా?" అంది నాయనమ్మ.

ఇంటికి వచ్చాక వాటిని పసుపు డబ్బాలో పెట్టింది. కాముని పున్నమి వస్తోందని జాజిరి ఆడుతూ కోలలు కొట్టుకుంటూ వచ్చిన పిల్లలకు చాటెడు జొన్నలు పోసేది గాని, ఆ డబ్బా మూత మాత్రం తీసేది కాదు. బెజవాడ వెళ్లేవారు ఎవరైనా ఉన్నారని తెలిస్తే వాళ్ల ఇంటికి వెళ్లి, ఒక నాణెం తీసి చేతిలో పెట్టేది. "గోదాముల కాడ చాయ్ హోటల్ ఉంటది. కూసోని చాయ్ తాగు. ఎడమ చెవికి పోగున్నోడు, నవ్వితె ముందర పన్ను ఇరిగుంటది, సూసిన్రా అని అడుగు." వాళ్లు తిరిగి వచ్చి, అలాంటి మనిషిని ఎవరో చూశారట అనేవారు. చాయ్ రుచి గురించి కూడా చెప్పేవారు. చిన్నమ్మ తలుపు చాటున నిలబడి వినేది. మర్నాడు కొత్త గాజులు వేసుకునేది.

చివరికి ఒక్క బేడ మిగిలింది. అది మామకు దక్కింది. ధాన్యం బేరానికి వెళ్తూ, "రెండు చాయ్‌లు తాగుత అత్తమ్మా, ఒకటి నీ పేరు మీద," అని అందరినీ నవ్వించాడు.

ఆ బుధవారం మాత్రం నవ్వించలేదు. కాళ్లు కూడా కడుక్కోకుండా, పసుపు మరక పోని ఆ బేడను నాయనమ్మ చేతిలో పెట్టాడు.

"చాయ్ తాగలేదా అల్లుడా?"

"తాగబుద్ధి కాలేదత్తమ్మా."

మోదుగపూల రంగు కాగుతున్న పొయ్యి దగ్గర నేను కూర్చుని ఉన్నాను. పెరట్లో మామ నాయనతో అన్న మాటలు అక్కడికి వినిపించాయి. "వానకాలంల కలరా వొచ్చిందట బావా. సత్రంల పడుకున్న హమాలోళ్లను పడుకున్నట్టే బండ్ల మీద తీస్కపోయిన్రట. చెవిపోగు ఆనవాలు సత్రపాయన చెప్పిండు." నాయన గోడకు ఆనుకుని, "రేపు చెప్తం. ఇయ్యాల్టికి పిల్లను తిననియ్యి," అన్నాడు. ఆ పూట చిన్నమ్మకు అమ్మ కొసరి కొసరి వడ్డించింది. నాయనమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆమె కూడా ఎవరినీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని కిరాణా దుకాణానికి నడిచింది. బేడ ముందుకు తోసి, తీసుకుంటారో లేదో అన్నట్టు చూసింది.

"నడుస్తది తియ్యవ్వా. మిలిటరోళ్లొచ్చినంక గీడ కల్దారు గూడ నడుస్తనే ఉంది," అని శేటు దాన్ని చూడనైనా చూడకుండా గల్లాపెట్టెలో వేశాడు. "ఏమియ్యమంటవ్?"

"నువ్వులు."

నాకు నోరూరింది. రోట్లో బెల్లంతో దంచిన నువ్వుల ముద్దలు, చేతులకు అంటిన ఆ నూనె, అన్నీ గుర్తొచ్చాయి. శేటు తెల్ల నువ్వుల బస్తాలో చెయ్యి పెట్టాడు.

"తెల్లయి గాదయ్యా. నల్లయి."

శేటు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నల్ల నువ్వులు పొట్లం కట్టాడు.

మేము ఇంటికి వచ్చేసరికి చిన్నమ్మ వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లి ముగ్గు వేస్తోంది. తల ఎత్తి నవ్వబోయి, చిరిగిన పొట్లం మూలలోంచి జారుతున్న నల్ల గింజలను చూసింది. ఆమె గుప్పిట్లోని ముగ్గుపిండి వేసిన గీత మీదే కుప్పగా పడిపోయింది.