పాలిచ్చినామె రాయి

ఆదివారం సందర్శకులు వెళ్లిపోయాక ఆ రాయి దగ్గరికి వెళ్లాలంటే ఆమె కొంగుతో ముక్కు మూసుకునేది.

నగరం నడుమ ఉన్న ఆ పాత సమాధుల తోటను ఆమె ఇరవై ఆరేళ్లుగా ఊడుస్తోంది. కుళ్లిన పూలకు, చచ్చిన పావురాలకు, ప్రహరీ మూలల్లో మగవాళ్లు చేసిన తడికి ఏనాడూ ముక్కు మూసుకోలేదు. జనం నమిలి ఆ రాయికి అంటించిపోయే ఈ బబుల్‌గమ్ముల ముందు మాత్రం ఓడిపోయింది. గులాబి, ఆకుపచ్చ, బూడిదరంగు ముద్దలు. ఒక్కోదాని మీద ఎవరివో పళ్ల గుర్తులు. ఎండకు మెత్తబడి, చీమల్ని అంటించుకుని, తీపి కంపు కొడుతూ నిలువురాయి నిండా కురుపుల్లా లేచి ఉండేవి. ఐసుముక్క రుద్ది గట్టిపరిచి, మొద్దు కత్తితో లేపేది. ముద్దతోపాటు రాయి కూడా పిండిలా రాలేది. ఆ పిండిలో అక్షరాలుండేవి.

అక్షరాలు ఆమెకు ఆలస్యంగా వచ్చాయి. నలభై దాటాక, కూతురు పాఠాలు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. పుస్తకాల కన్నా ముందు రాళ్లు చదివింది. ఈ రాయి మీది పేరును ఎప్పుడో వానలు తాగేశాయి. మిగిలింది ఒక్కటే వరుస: 'పదకొండుమంది పరాయి బిడ్డలకు పాలిచ్చింది.'

అది చదివిన రోజు ఆమెకు ముద్ద దిగలేదు. అక్షరం ముక్క రాని రోజుల్లో, ఆ మూల చేరి తాగేవాళ్లను తరమడానికి, ఆ రాయి కింది మనిషి లేచి పసిపిల్లల రక్తం తాగుతుందని కథ కట్టింది తనే. తాగుబోతులు పోయారు, కథ ఉండిపోయింది. చిన్నప్పుడు నోరు తెరుచుకుని ఆ కథ విన్న అన్న కొడుకే ఇప్పుడు చెంపకు మైకు తగిలించుకుని జనానికి దయ్యాల తోట చూపిస్తున్నాడు. నమిలింది తీసి రాయికి అంటిస్తే దయ్యం పళ్లు అతుక్కుపోతాయని, ఇక ఇంటిదాకా వెంట రాదని తోక తగిలించింది వాడు.

తోట ఆఫీసులో మొరపెట్టుకుంటే, జనం వస్తుంటే వద్దంటావేమిటని నవ్వారు. ఒక ఆదివారం ఆమె చీపురు పట్టుకునే గుంపు ముందు నిలబడింది. కథ అబద్ధమని, కట్టింది తనేనని, రాసి ఉన్నది చదువుకోండని చెప్పింది.

మేనల్లుడు తడబడలేదు. "చూశారా, మా అత్త కూడా దానికి భయపడి వెనకేసుకొస్తోంది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఒకావిడ బిడ్డ నోట్లోంచి తడితడిగా ఉన్న ముద్ద తీసి, ఆ పసివేలితోనే 'పరాయి' మీద నొక్కించింది.

గుంపు కదిలాక వాడు మెల్లగా అన్నాడు. "చచ్చినావిడకి ఏం పోతుందత్తా? కథ చెప్పింది నువ్వే కదా."

"నేనే రా. అందుకే నీకన్నా నన్ను చూసుకుంటే ఎక్కువ రోతగా ఉంది."

మర్నాడు కత్తి పెట్టేసరికి 'పరాయి' పూర్తిగా ఊడి వచ్చింది. అరచేతిలో కాస్త తెల్లపొడి, దాని మధ్య గులాబి ముద్ద. ఇంకో నాలుగు ఆదివారాలు గడిస్తే మిగతా మాటలూ ఇంతే. వాళ్లు చెరిపేది సగం, తను శుభ్రం చేస్తూ చెరిపేది సగం. గోతులు తవ్వే తాతను పిలుచుకొచ్చింది.

"ఇన్నేళ్లుగా మనుషుల్ని పడుకోబెట్టాను గానీ, రాయిని పడుకోబెట్టడం ఇదే మొదలమ్మాయ్," అని గొణుగుతూనే తాత గడ్డపార దూర్చాడు.

ఆమె జల్లించిన ఇసుక మెత్తగా పరిచింది. ఇద్దరూ రాయిని మెల్లగా బోర్లా వాల్చారు. రాసిన వైపు నేలకి, లోపలున్నామెకి. బోడి వీపు ఆకాశానికి.

తర్వాతి ఆదివారం, రాయి దానంతటదే పడిపోయిందని మేనల్లుడు గొంతు తగ్గించి చెబుతున్నాడు. జనం జేబులు తడుముకుంటున్నారు, దవడలు ఆడిస్తున్నారు. ఎవరో ముందుకొచ్చి ఆ బోడి వీపు మీద ముద్ద అంటించి, వేలు ప్యాంటుకు తుడుచుకున్నారు.

అంటించుకోండి, అనుకుంది ఆమె. పక్కకు తిరిగి ఉమ్మేసి, అవతలి వరుస ఊడవడానికి వెళ్లిపోయింది.