గట్టురాయి సంగతి చెప్పడానికి బండ్రి పోయాను

మా మనవరాలు శైలజ కాలేజీ పాఠం పైకి చదువుతుంటే విన్నాను. నేను చదివింది మూడో తరగతే, చెవులు మాత్రం బాగున్నాయి. ప్యూరిటన్లని ఇంగ్లాండు వాళ్లు, రాజుగారి చర్చి పద్ధతి గిట్టక ఓడెక్కి అమెరికా పోయారట. మొదటి చలికాలానికే సగం మంది చచ్చిపోయారట. మిగిలినవాళ్లకు మొక్కజొన్న వేయడం నేర్పింది ఆ నేల మనుషులే. తర్వాత వాళ్ల నేలనే వీళ్లు కలుపుకున్నారు. తప్పు చేసినవాడు సంఘమంతా కూర్చున్నచోట లేచి తన నోటితో ఒప్పుకోవాలని వాళ్ల కట్టుబాటు. మొండి మనుషులే, కానీ ఆ పద్ధతి నాకు నచ్చింది. మరునాడే మా పాత ఊరు బండ్రికి బయలుదేరాను.

ఇప్పుడు నేనుండే కంప్లిలో పొద్దున ఆరింటికి బస్సు. హోస్పేటలో ఒకసారి, సండూరులో ఒకసారి మారాలి. నూట యాభై రూపాయలు ఉంచుకుంటే చాలు. చివరి బస్సులో కండక్టరు అడిగాడు.

"ఒక్కడివే యాడికి తాతా, పెండ్లికా?"

"తప్పు ఒప్పుకునేకి పోతాండా."

"అట్లయితే తలుపు కాడ కూకో. మనసు మారకముందే దిగచ్చు."

కరువులో మా నాయన అనంతపురం వైపు నుంచి బండ్రి వచ్చినప్పుడు విత్తనాలిచ్చి, ఏ వానకు ఏది వేయాలో చూపించింది బసప్ప వాళ్ల నాయన. అలాంటి ఇంటివాడైన బసప్ప పొలానికీ నా పొలానికీ మధ్య ఉన్న గట్టురాయిని పన్నెండేళ్ల కిందట నేను రెండు సాళ్లు అతని వైపుకు జరిపాను. అడిగితే పంచాయితీలో అతన్నే అబద్ధాలకోరన్నాను. ఊరు నన్నే నమ్మింది. ఆ పొలం అమ్ముకొని కంప్లి చేరాను కాబట్టి నేల తిరిగివ్వలేను. బసప్ప మీద పడిన ఆ మాటను మాత్రం తీసేయగలను.

తొమ్మిదిన్నరకు దిగితే టీ హోటల్లో పదిమంది మధ్య బసప్ప కనిపించాడు. మొహం తిప్పుకున్నాడు. నేను నిలబడే చెప్పాను.

"రాయి జరిపింది నేనేనప్పా. బసప్ప సెప్పిందే నిజం."

"పన్నెండేండ్లు యాడికి పోయింటివి? ఇప్పుడెవురు సెప్పినారు నీకు?" అన్నాడు బసప్ప.

"అమెరికావోళ్లు."

అందరూ నవ్వారు. బసప్ప నవ్వలేదు. మూల బెంచీ మీది ముసలాయనను చూపించాడు.

"ఆ పొద్దు పంచాయితీ పెద్ద ఈయప్పే. చెవుడు. ఇనపడల్యా. మళ్లా సెప్పు."

దగ్గరకు పోయి గొంతు చించుకొని చెప్పాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. ముసలాయన తల ఊపాడు.

"సాకప్పా, ఇంక సాలు, ఊరంతా ఇనింది," అన్నాడు బసప్ప. హోటలాయనకు ఇంకో టీ చెప్పి, గ్లాసు నా ముందుకు జరిపాడు.

ఇంటికొచ్చాక శైలజను అడిగాను, ఆ ఓడవాళ్లలో ఎవరైనా ఆ నేల మనుషుల ముందు లేచి చెప్పారా అని. పుస్తకంలో లేదంది. అంత కట్టుబాటు ఉన్నవాళ్లు, పాపం, చెప్పాల్సిన చోట చెప్పలేకపోయారు. నేను వాళ్లకంటే గొప్పవాణ్ని కాదు. నాకు బస్సు ఉంది, బసప్ప ఇంకా ఉన్నాడు.

బండ్రి పోయేవాళ్లు ఆరింటి బస్సే పట్టుకోండి. పది దాటితే జనం పొలాలకు పోతారు, హోటల్లో వినేవాళ్లు ఉండరు.